యాభై గంటల శిక్షణ తరగతి గది దాకా ఎందుకు రావడం లేదు?

జాతీయ విద్యా విధానం–2020 ప్రకారం ప్రతి టీచరూ, ప్రతి ప్రధానోపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకునే శిక్షణలో గడపాలి. ఆ గంటలు లెక్కకు సరిపోతూనే ఉన్నాయి. ఆన్‌లైన్ కోర్సులు నడిచే దీక్షా యాప్‌లో సర్టిఫికెట్లు పోగవుతున్నాయి, మండల కేంద్రాల్లో వర్క్‌షాపులు జరుగుతున్నాయి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు నడుస్తున్నాయి. అయినా మూడో తరగతి పిల్లల నోటుపుస్తకాల్లో 52 లోంచి 27 తీసేస్తే 35 అన్న జవాబు ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ పిల్లలకు పాఠం చెప్పే టీచరు ఈ తప్పు గురించి శిక్షణలో విన్నవారే, నోట్సు రాసుకున్నవారే. విన్నదానికీ, మర్నాడు బోర్డు ముందు చేసేదానికీ మధ్య ఎక్కడో దారి తెగిపోతోంది.

చాలాసార్లు అది తెగేది శిక్షణ ముగిసిన తర్వాతి అయిదారు వారాల్లో. అప్పుడే టీచరు కొత్త పద్ధతిని మొదటిసారి ప్రయత్నిస్తారు. సగం కుదురుతుంది, సగం కుదరదు. వచ్చి చూసేవారుండరు, అడిగితే చెప్పేవారుండరు. సిలబస్ వెనకబడుతోందన్న ఆందోళన మొదలవుతుంది, చేయి తిరిగిన పాత పద్ధతే మళ్లీ నయమనిపిస్తుంది. వర్క్‌షాపు, ఆన్‌లైన్ కోర్సు, కాంప్లెక్స్ సమావేశం, బడికి వచ్చి పాఠం చూసే మెంటార్: వీటిలో ఒక్కొక్కటి ఒక్కో పనికి పనికొస్తుంది. ఒకదాని పని ఇంకొకదాని నెత్తిన పెట్టడం వల్లే యాభై గంటలూ గడిచిపోయి తరగతి గది మాత్రం ఉన్నచోటే ఉంటోంది.

ఇదివరకు చేసినవి

ఉద్యోగంలో ఉన్న టీచర్లకు శిక్షణ అన్నది కొత్త ఆలోచన కాదు. ప్రతి అయిదేళ్ల సర్వీసులో రెండు మూడు నెలల శిక్షణ ఉండాలని కొఠారీ కమిషన్ (1964–66) అప్పుడే చెప్పింది. చుట్టుపక్కల బడులను ఒక ఉన్నత పాఠశాలతో ముడిపెట్టి, అక్కడి టీచర్లంతా ఒకచోట కూడి నేర్చుకోవాలన్న స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన కూడా ఆ నివేదికలోదే. 1986 విద్యా విధానం తర్వాత టీచర్ల శిక్షణకు జిల్లాకొక సంస్థ (డైట్) వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం 1980లలో మొదలై 1990ల నడిమి దాకా సాగింది. ఊరికి దగ్గర్లో టీచర్ల కేంద్రాలు పెట్టి, ఆరు బోధన సూత్రాల మీద శిక్షణ ఇచ్చింది. చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, గుంపులుగా పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, తరగతి గదిని ఆకర్షణీయంగా అమర్చుకోవడం వాటిలో ఉన్నాయి.

ఈ సూత్రాలన్నీ ఒకే బరువున్నవి కావు. గోడకు చార్టులు కట్టడం, పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టడం ఒక్క రోజులో వచ్చేస్తాయి. తనిఖీకి వచ్చినవారి కంట కూడా అవే ముందు పడతాయి. ఒకే తరగతిలో అక్షరం రాని పిల్లకూ, పేరా చదివే పిల్లకూ ఒకే పీరియడ్‌లో పని కల్పించడం అలా రాదు. దానికి నెలల అభ్యాసం కావాలి, పక్కన ఒకరుండి చూడాలి. పైకి కనిపించే మార్పు త్వరగా వచ్చి, లోపలి మార్పు ఆగిపోవడం నేటి కార్యక్రమాలకూ తప్పలేదు.

2019 ఆగస్టు 21న కేంద్రం నిష్ఠ అనే టీచర్ల శిక్షణ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. సుమారు 42 లక్షల మంది ప్రాథమిక, ప్రాథమికోన్నత స్థాయి టీచర్లు, ప్రధానోపాధ్యాయులు, ఇతర సిబ్బంది లక్ష్యం. ముఖాముఖిగా మొదలైన ఈ శిక్షణ కరోనాతో ఆన్‌లైన్ బాట పట్టింది. 2020 జూలైలో ఆన్‌లైన్ నిష్ఠ తొలి విడత ప్రారంభమైంది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీ రిసోర్స్ పర్సన్లతోనే (తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చేవారు). తర్వాత హైస్కూలు టీచర్లకు, పునాది అక్షరాస్యత–సంఖ్యాజ్ఞానానికి వేరు వేరు విడతలు వచ్చాయి. 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్ 2026–27 నాటికి మూడో తరగతి పూర్తి చేసే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు చేయడం రావాలని గడువు పెట్టింది. తెలంగాణలో ప్రాథమిక తరగతుల కోసం 2022లో వచ్చిన తొలిమెట్టు, ఆ తర్వాత 6–9 తరగతుల కోసం వచ్చిన ఉన్నతి కూడా ఈ అవసరం నుంచి పుట్టినవే. లక్ష్యాలు స్పష్టంగానే ఉన్నాయి. శిక్షణను టీచరు దాకా చేర్చే దారిని గురించే ఆలోచించాలి.

మెట్టు మెట్టుకూ జారిపోయేవి

మన దగ్గర పెద్ద శిక్షణలన్నీ మెట్ల మీదుగా దిగుతాయి. రాష్ట్ర స్థాయిలో స్టేట్ రిసోర్స్ గ్రూపు నేర్చుకుంటుంది, వారు జిల్లా రిసోర్స్ పర్సన్లకు చెబుతారు, వారు మండల రిసోర్స్ పర్సన్లకు, వారు టీచర్లకు. తక్కువ ఖర్చుతో తక్కువ కాలంలో వేలమందిని చేరాలంటే ఇంతకన్నా దారి లేదు. అయితే పైమెట్టు మీద అయిదు రోజులు సాగింది కింది మెట్టుకు వచ్చేసరికి రెండు రోజులవుతుంది. స్లైడ్లు మాత్రం అన్నే ఉంటాయి. తగ్గిన రోజుల్లో ఏది పోతుంది? సమాచారం పోదు, అది స్లైడ్ మీద ఉంది. పోయేది చేసి చూసే సమయం. ఒక పని ఎందుకలా చేయాలన్న వివరణ కూడా దాంతో పాటే పోతుంది.

అందుకే మండల స్థాయిలో టీచరు అడిగే మూడో ప్రశ్న దగ్గర శిక్షణ ఆగిపోతుంది. “పుల్లల కట్టలతో తీసివేత చెప్పాలి” అన్నది స్లైడ్‌లో ఉంది. “నా దగ్గర మూడు, నాలుగు, అయిదు తరగతులు ఒకే గదిలో ఉన్నాయి, ఎవరితో మొదలుపెట్టాలి?” అన్నదానికి జవాబు అక్కడ ఉండదు. ఆ పద్ధతిని తన తరగతిలో చేసి చూసిన రిసోర్స్ పర్సన్ దగ్గరే దానికి జవాబు దొరుకుతుంది. కాబట్టి ఈ విధానాన్ని ఉంచుకుంటూనే ఒక్క నియమం చేర్చవచ్చు. రాష్ట్ర శిక్షణకూ మండల శిక్షణకూ మధ్య రెండు వారాలు విడిచి, ఆ రెండు వారాలూ రిసోర్స్ పర్సన్లు తమ బడిలో అదే పాఠాన్ని అదే పద్ధతిలో చెప్పాలి. మండల శిక్షణకు వచ్చేటప్పుడు తమ పిల్లల నోటుపుస్తకాలు తేవాలి. పిల్లలు ఎక్కడ తడబడ్డారో, తాము దేన్ని మార్చుకున్నారో చెప్పగలిగిన రిసోర్స్ పర్సన్ మాటకు హాల్లో విలువ వేరు. ఎదురుగా కూర్చున్నది ఇరవై ఏళ్ల సర్వీసున్న టీచర్లు. చేసినవారు చెబుతున్నారో, చదివినవారు చెబుతున్నారో వాళ్లకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

హాల్లో ఎంతమంది ఉండాలన్నది కూడా చిన్న విషయం కాదు. నలభై దాటితే గుంపుల్లో సాధన జరగదు. ఇద్దరు రిసోర్స్ పర్సన్లు ఎనిమిది గుంపులకు మించి తిరిగి చూడలేరు. నూరు మందిని ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి మైకులో చెప్పినదాన్ని సభ అనాలి తప్ప వర్క్‌షాపు అనడం కష్టం.

ఒక రోజు వర్క్‌షాపు ఎలా సాగాలి

తీసివేతనే తీసుకుందాం. 52 − 27 = 35 రాసిన పిల్లవాడు పైదో కిందదో చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడు: 7 లోంచి 2, 5 లోంచి 2. వీడికి తీసివేత వచ్చు, స్థాన విలువ రాదు. 403 − 158 ఇస్తే వాడే 355 రాస్తాడు. పక్క పిల్ల 255 రాస్తుంది. ఈమె తప్పు వేరు. వంద నుంచి పది పదులు తెచ్చుకుంది, అందులో ఒక పదిని విప్పి ఒకట్ల స్థానానికి ఇచ్చింది, కానీ పదుల స్థానంలో 9 మిగలాల్సిన చోట 10 అలాగే ఉంచేసింది. సరైన జవాబు 245. మొదటి పిల్లవాడికి కట్టలు విప్పడం మొదటినుంచీ చూపించాలి. రెండో పిల్లకు మధ్యలో సున్నా ఉన్న లెక్కలు నాలుగైదు చేయిస్తే చాలు. ఇద్దరికీ “మళ్లీ చెయ్యి” అని చెబితే ఇద్దరూ మళ్లీ అదే రాస్తారు.

ఈ తేడా పట్టుకోవడమే వర్క్‌షాపులో మొదటి గంటన్నర పని కావాలి. ఒక్కో గుంపుకు ఇరవై మంది పిల్లల జవాబు పత్రాల జిరాక్సులు ఇవ్వాలి, పేర్లు చెరిపేసి. అయిదేసి లెక్కలు చాలు. తప్పులను మార్కుల ప్రకారం కాకుండా కారణం ప్రకారం కుప్పలు చేయమనాలి. మొదటి పావుగంట టీచర్లు “అజాగ్రత్త” అని ఒకే పెద్ద కుప్ప పెడతారు. రిసోర్స్ పర్సన్ ఆ కుప్పను మళ్లీ విప్పించాలి. తప్పు చేసిన ప్రతిసారీ ఒకేలా చేసిన పిల్లవాడిది అజాగ్రత్త కాదు, వాడు ఒక నియమాన్ని పాటిస్తున్నాడు. ఆ నియమం ఏమిటో మాటల్లో రాయించాలి. శిక్షణ మొత్తంలో టీచరు ఆలోచన నిజంగా మలుపు తిరిగే ఘట్టం ఇదే. దీనికి సమయం తగ్గించి ప్రారంభోపన్యాసాలకు ఇవ్వడం అన్యాయం.

తర్వాతి గంట సామగ్రితో. గుంపుకు పదేసి చీపురు పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు ఇరవై. వందలు వచ్చే లెక్కలకు పుల్లలు చాలవు కాబట్టి కాగితంతో చేసిన 100, 10, 1 రూపాయి నోట్లు. 52 అంటే అయిదు కట్టలు, రెండు పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వాలి, రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. ఏడు తీస్తే అయిదు, రెండు కట్టలు తీస్తే రెండు, మిగిలింది 25. ఇంత తేలికైన పని తరగతిలో ఎందుకు చెడుతుందంటే మూడు కారణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. కట్టలో సరిగ్గా పది ఉండవు, అందాజుగా కట్టేస్తారు, పిల్లలు విప్పి లెక్కపెట్టగానే పాఠం కూలిపోతుంది. కట్టను టీచరే విప్పుతారు, పిల్లలు చూస్తారు. ఇక అన్నిటికన్నా పెద్దది: పుల్లలతో పని ముగించి, వాటిని పక్కన పెట్టి, ఆ తర్వాత బోర్డు మీద లెక్క వేరేగా చేస్తారు. కట్ట విప్పిన క్షణంలోనే బోర్డు మీద 5ను కొట్టేసి 4 రాయాలి, 2 పక్కన 12 రాయాలి. ఈ రెండూ ఒకేసారి జరగకపోతే పిల్లలకు పుల్లల లెక్క ఒకటి, పుస్తకం లెక్క ఇంకొకటి అవుతాయి.

మధ్యాహ్నం రెండు గంటలు పూర్తిగా సాధనకే. అయిదుగురు టీచర్ల గుంపులో ఒకరు ఎనిమిది నిమిషాలు పాఠం చెబుతారు, మిగతా నలుగురు పిల్లలు. ఆ నలుగురిలో ఒకరు తప్పనిసరిగా 35 అని రాయాలి, టీచరు దానికి అప్పటికప్పుడు ఏం చేస్తారో చూడాలి. తర్వాత నాలుగు నిమిషాలు చర్చ. ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాల చొప్పున గంటలో అందరి వంతూ అవుతుంది. రెండో గంట మళ్లీ అందరూ అదే పాఠం, మొదటిసారి వచ్చిన సూచనలతో మార్చి చెప్పాలి. రెండోసారి చెప్పించకపోతే సూచనలు గాలికి పోతాయి. చర్చలో “బాగా చెప్పారు మేడం” అన్న మాటతో ఆగిపోకుండా, “పిల్లలు ఏం చేశారు, ఎవరు మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు” అన్నదే ముందు చెప్పుకోవాలి. తోటివారిని విమర్శించడానికి మనవాళ్లకు సహజంగానే మొహమాటం. మాటను పిల్లల మీద పెడితే ఆ మొహమాటం చాలావరకు తీరుతుంది.

చివరి గంటలో ప్రతి టీచరూ రాబోయే రెండు వారాలకు పీరియడ్ ప్లాన్ రాయాలి: ఏ తేదీ, ఏ పీరియడ్, పాఠ్యపుస్తకంలో ఏ పేజీ, ఏ సామగ్రి, ఏ పిల్లలు. ఒకే గదిలో మూడు తరగతులున్నవారు 3–5 తరగతులను కలిపి, వచ్చిన స్థాయిని బట్టి రెండు గుంపులు చేసుకుని, ఒక గుంపుతో పుల్లల పని చేస్తున్నప్పుడు రెండో గుంపు ఏం చేస్తుందో కూడా రాయాలి. మిగిలిన అరగంట సంతకాలకు, టీఏ డీఏ బిల్లులకు. మొత్తం ఆరు గంటలు. ఒకే అంశం. ఒక్క తీసివేతకు ఒక రోజంతానా అని అధికారులు అడుగుతారు. ఒకే రోజులో తీసివేత, కథ చెప్పడం, ఆటల ద్వారా బోధన, లింగ సమానత్వం, సైబర్ భద్రత అన్నీ పెట్టి, ఒక్కటీ తరగతి గదికి చేరకపోవడం కంటే ఇది చవక.

చదవడం నేర్పడానికీ ఇదే లెక్క. గుణింతం చార్టును వరసగా గడగడా అప్పజెప్పే పిల్ల, నడిమి నుంచి “కీ” ఒక్కటే చూపిస్తే ఆగిపోతుంది. “చెట్టు” చదివేవాడు “పుస్తకం” దగ్గర తడబడతాడు, ఎందుకంటే ఒకే అక్షరం కింద అదే ఒత్తు రావడం వేరు, వేరే అక్షరం ఒత్తు రావడం వేరు. వర్క్‌షాపులో టీచర్లు పది మంది పిల్లల చదువు రికార్డింగులు వినాలి, ఎక్కడ ఆగారో గుర్తు పెట్టాలి, ఆ తర్వాతే పద్ధతుల మాట ఎత్తాలి.

ఆన్‌లైన్ కోర్సు దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదికలు రెండు: 2017 జూలైలో స్వయం, అదే ఏడు సెప్టెంబరు 5న దీక్షా వచ్చాయి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే వీడియో తెరుచుకునే ఏర్పాటు ఇప్పుడు టీచర్లకు, పిల్లలకు అలవాటైన విషయమే. ఆన్‌లైన్ కోర్సును తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఒక మంచి తరగతి వీడియోను ఆపి ఆపి మూడుసార్లు చూడడం హాల్లో సాధ్యం కాదు. భిన్నాలు ఎనిమిదో తరగతికి చెప్పాల్సిన టీచరు తన విషయ పరిజ్ఞానాన్ని ఎవరి ముందూ చిన్నబోకుండా సరిచూసుకోవడానికి ఫోనే మంచి చోటు. ఇంగ్లిష్ మీడియానికి మారిన బడుల్లో టీచర్లు ఉచ్చారణ వినడానికి, వాక్యాలు పలికి చూసుకోవడానికి కూడా అంతే. మన్యంలోని బడికీ, హైదరాబాద్ బడికీ ఒకే పాఠం ఒకే నాణ్యతతో చేరుతుంది.

చెడేది ఎక్కడంటే, కోర్సు చివరి పరీక్షను అభ్యాసానికి రుజువుగా తీసుకోవడం దగ్గర. నిష్ఠ పునాది విద్య కోర్సుల్లో సర్టిఫికెట్‌కు 70 శాతం మార్కులు రావాలి, మూడు ప్రయత్నాలుంటాయి. అందరికీ ఒకే బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉన్నంతకాలం జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. టీచర్లను తప్పుపట్టి లాభం లేదు. గడువు, పూర్తి చేసినవారి శాతం, జిల్లాల ర్యాంకు: పైనుంచి అడుగుతున్నవి ఇవే. అడిగినదే కిందనుంచి వస్తుంది. కోర్సులో మధ్యమధ్య వచ్చే “మీ తరగతిలో చేసి చూడండి” అన్న పనిని మాత్రం ఎవరూ అడగరు, కాబట్టి అది ఎవరూ చేయరు.

దీనికి మందు మరీ కష్టమైనదేమీ కాదు. చివరి పరీక్షలో సగం బరువు నకలు చేయలేని పనికి ఇవ్వాలి. తీసివేత కోర్సు అయితే, తన తరగతిలో పదిమంది పిల్లల జవాబులు చూసి తప్పులను కారణాల వారీగా ఒక కాగితం మీద పట్టికగా రాయడం ఆ పని. ఒకరి తరగతి పట్టిక ఇంకొకరికి పనికిరాదు. దాన్ని యాప్‌లో అప్‌లోడ్ చేయమంటే మళ్లీ చిక్కే: వేల ఫొటోలు చదివేవారు ఉండరు, పిల్లల పేర్లు, ముఖాలు అనవసరంగా సర్వర్లలోకి వెళ్తాయి. ఆ కాగితాన్ని తర్వాతి కాంప్లెక్స్ సమావేశానికి చేత్తో తెచ్చి బల్ల మీద పెట్టడమే సరైన మార్గం. అక్కడ దాన్ని పదిమంది చూస్తారు.

కొన్ని సాంకేతిక చిక్కులు కూడా టీచర్ల సమయాన్ని తింటాయి. కోర్సులు బ్యాచ్‌లుగా నడుస్తాయి, బ్యాచ్ గడువు ముగిశాక వీడియోలు చూడవచ్చు కానీ సర్టిఫికెట్ రాదు. ఒకసారి గూగుల్ ఖాతాతో, ఇంకోసారి రాష్ట్ర లాగిన్‌తో తెరిచినవారికి ప్రగతి రెండు చోట్ల సగం సగం పడుతుంది. నెట్ లేనిచోట డౌన్‌లోడ్ చేసుకుని చూసినది, తిరిగి నెట్‌లోకి వచ్చి నమోదయ్యేదాకా చూసినట్టు లెక్కకు రాదు. మొదలుపెట్టే ముందే ప్రొఫైల్‌లో పేరు, బడి కోడ్ సరిచూసుకుని, చివరిదాకా ఒకే లాగిన్ వాడితే ఈ తిప్పలు చాలావరకు తగ్గుతాయి. నాలుగు గంటల కోర్సును ఇరవై నిమిషాల ముక్కలుగా, నాలుగు వారాలకు పరచుకోవడం మంచిది. గడువుకు ముందురోజు రాత్రి వంటింట్లో ఫోను గోడకు ఆనించి వీడియో నడిపే టీచరమ్మకు ఆ కోర్సు వల్ల ఒరిగేది లేదు. ఆమెకు బడి పనివేళల్లో సమయం ఇవ్వడం వ్యవస్థ బాధ్యత.

పక్కన నిలబడి చూసే మనిషి

దక్షిణాఫ్రికాలోని నార్త్ వెస్ట్ రాష్ట్రంలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఈ చర్చకు చాలా దగ్గరిది. చిన్న తరగతుల పిల్లలకు మాతృభాషలో చదవడం నేర్పే టీచర్లకు ఒకే రకమైన పాఠ ప్రణాళికలు, పుస్తకాలు ఇచ్చారు. ఒక వర్గం బడుల టీచర్లను ఒక కేంద్రానికి పిలిచి శిక్షణ ఇచ్చారు. ఇంకో వర్గం బడులకు కోచ్‌లు క్రమం తప్పకుండా వెళ్లి తరగతిలోనే సాయం చేశారు. రెండేళ్ల తర్వాత చూస్తే, కోచ్ వెళ్లిన బడుల పిల్లల చదువులో వచ్చిన మెరుగు కేంద్ర శిక్షణ వల్ల వచ్చినదానికి సుమారు రెట్టింపు. అదే దేశంలో తర్వాత ఇంగ్లిష్ బోధన మీద ఇంకో ప్రయోగం చేశారు. ఈసారి కొన్ని బడులకు కోచ్ స్వయంగా వెళ్లారు, కొన్నిటికి టాబ్లెట్, ఫోను ద్వారా సాయం చేశారు. మూడేళ్లకు తేలిందేమంటే, దూరం నుంచి ఇచ్చిన సాయం పిల్లల ఇంగ్లిష్ మాట్లాడే శక్తిని కొంత పెంచింది కానీ చదవడంలో మార్పు తేలేదు, పైగా మాతృభాషలో చదివే నైపుణ్యం కాస్త దెబ్బతింది. ఇంగ్లిష్ మీడియం వైపు వేగంగా నడుస్తున్న రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ ఫలితాన్ని శ్రద్ధగా చదవాలి.

మన వ్యవస్థలో ఆ పాత్రకు మనుషులు లేకపోలేదు. కొన్ని బడులను కలిపి చూసుకునే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు ఉన్నారు. వారి రోజులు మధ్యాహ్న భోజనం వివరాలు, హాజరు, యూనిఫాం లెక్కలు, యాప్‌లలో సమాచారం నింపడంతో గడిచిపోతున్నాయి. నెలలో ఎనిమిది రోజులైనా ఆ పనుల నుంచి పూర్తిగా విడిపించి, రోజుకు ఒక బడికే పంపితే చిత్రం మారుతుంది. ఒక్కో టీచరు దగ్గర నలభై నిమిషాలు పాఠం చూడడం, పదిహేను నిమిషాలు మాట్లాడడం. చూడాల్సినవి వర్క్‌షాపులో సాధన చేసినవే: కట్ట విప్పింది పిల్లలా, టీచరా? బోర్డు, పుల్లలు కలిసి నడిచాయా? తప్పు రాసిన పిల్లవాడిని టీచరు ఏమడిగారు? మాట్లాడేటప్పుడు ఒక్క మార్పు మాత్రమే సూచించాలి. ఆరు చెబితే ఒక్కటీ జరగదు. వచ్చే నెల వచ్చి ఆ ఒక్కదాన్నే చూడాలి.

ఈ సందర్శన తనిఖీ కాకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన సాల్ట్ అనే పాఠశాల విద్యా పథకం కింద టీచ్ టూల్ అనే పరిశీలన పత్రాన్ని వాడారు. పరిశీలకులు పాఠాన్ని పదిహేనేసి నిమిషాల రెండు భాగాలుగా చూసి, పిల్లలు పనిలో ఉన్న సమయాన్ని, బోధన తీరును గుర్తిస్తారు. ఇలాంటి పత్రాలు ఏ నైపుణ్యంలో శిక్షణ అవసరమో జిల్లా మొత్తానికి చెప్పడానికి చక్కగా పనికొస్తాయి. అవే మార్కులు ఒక టీచరుకు మెమో ఇవ్వడానికి వాడిన రోజు, ఆ తర్వాత పరిశీలకుడు చూసే ప్రతి పాఠమూ ముందే తయారు చేసిన ప్రదర్శన అవుతుంది.

కాంప్లెక్స్ సమావేశం సంగతి కూడా ఇలాంటిదే. మొదటి గంట సర్క్యులర్లు చదవడానికి, రెండో గంట ప్రొఫార్మాలు నింపడానికి పోతే మూడో గంటలో మాదిరి పాఠం మొక్కుబడి అవుతుంది. సర్క్యులర్లు వాట్సాప్‌లో ముందురోజే పంపవచ్చు. సమావేశానికి రెండు గంటలు పెట్టుకుంటే, మొదటి ముప్పావు గంట ఆ ఊరి పిల్లలతోనే నిజమైన పాఠం, తర్వాత అరగంట దాని మీద చర్చ, చివరి ముప్పావు గంట అందరూ తెచ్చిన తప్పుల పట్టికలు చూసి వచ్చే నెల ప్లాన్ రాసుకోవడం. టీచర్లను పిల్లలుగా కూర్చోబెట్టి చెప్పే మాదిరి పాఠం ఇక్కడ పనికిరాదు. ఆ దశ వర్క్‌షాపులో అయిపోయింది. నిజమైన పిల్లలు ఇచ్చే అనుకోని జవాబులే ఈ సమావేశానికి సరుకు.

యాభై గంటలను ఇలా పంచుకోవచ్చు. ఆరేసి గంటల వర్క్‌షాపు రోజులు నాలుగు, అంటే 24 గంటలు. వాటిలో మూడు జూన్‌లో బడి తెరిచే ముందు, ఒకటి దసరా సెలవుల తర్వాత. నాలుగేసి గంటల ఆన్‌లైన్ కోర్సులు మూడు, అవి 12 గంటలు. రెండేసి గంటల కాంప్లెక్స్ సమావేశాలు ఏడు, అవి 14. మెంటార్ తరగతికి వచ్చే సమయం ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే అప్పుడు టీచరు పాఠమే చెబుతున్నారు. వరస కూడా ముఖ్యం: ఆన్‌లైన్ కోర్సు ముందు, వర్క్‌షాపు తర్వాత, ఆ పాఠం తరగతిలో వచ్చే నెలలోనే కాంప్లెక్స్ సమావేశం, మెంటార్ సందర్శన. తీసివేత పాఠం ఆగస్టులో వస్తుంటే డిసెంబరులో దాని మీద శిక్షణ ఇవ్వడం వల్ల ఆ ఏటి పిల్లలకు ఏమీ అందదు.

శిక్షణ ముగిసే రోజున నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో దాదాపు అన్నీ “చాలా బాగుంది” అనే చెబుతాయి. ఇంటికి వెళ్లే బస్సు కోసం చూస్తున్నవారు ఇంకేం రాస్తారు? ముందు, తర్వాత పెట్టే పరీక్షలు కూడా జ్ఞాపకాన్నే కొలుస్తాయి. ఆరు వారాలాగి, శిక్షణ పొందినవారిలో పదిమందిని చీటీ తీసి ఎంచుకుని, వారి తరగతుల్లో పిల్లలకు అవే అయిదు లెక్కలు ఇచ్చి చూస్తే ఒక జిల్లాకు రెండు మూడు రోజుల పని. ఆ ఫలితాన్ని టీచర్ల పేర్లు లేకుండా రిసోర్స్ పర్సన్ల ముందు పెట్టి, తర్వాతి వర్క్‌షాపులో ఏది మార్చాలో నిర్ణయించాలి.

ఏకోపాధ్యాయ పాఠశాలల విషయం మాత్రం వేరుగా చూడాలి. ఆ టీచరు శిక్షణకు వెళ్లిన రోజు బడి మూతపడుతుంది, లేదా పక్క బడి నుంచి ఎవరినో సర్దుబాటు చేయాలి. అందుకే వారిలో చాలామంది కాంప్లెక్స్ సమావేశానికి ఆలస్యంగా వచ్చి త్వరగా వెళ్లిపోతుంటారు. వారికి రెండు మార్పులు కావాలి. వర్క్‌షాపు రోజులన్నీ బడి తెరిచే ముందు జూన్‌లోనే పూర్తి చేయాలి. మెంటార్ సందర్శన మిగతావారికి నెలకొకసారి అయితే వీరికి రెండుసార్లు ఉండాలి, అందులో ఒకసారి మెంటారే ఒక గుంపుకు పాఠం చెబుతూ, టీచరు రెండో గుంపుతో కొత్త పద్ధతి చేసి చూసే వీలు కల్పించాలి. ఇందుకయ్యే అదనపు ప్రయాణ ఖర్చును మెంటార్ల టీఏలో ముందే మంజూరు చేయాలి. బిల్లు ఆరు నెలలు ఆగితే ఏ మెంటారూ రోడ్డు చివరి బడికి రెండోసారి వెళ్లలేరు.